కుట్లు విప్పాక మిగిలే మచ్చకు ఇంటి మందులు ఎంతవరకు పనిచేస్తాయి?

ఆపరేషన్ అయి కుట్లు విప్పించుకున్న మనిషికి సలహాలకు కొదవ ఉండదు. కలబంద గుజ్జు రాయమని ఒకరు, తేనె పూయమని ఇంకొకరు, విటమిన్ ఈ క్యాప్సూల్‌ని సూదితో పొడిచి ఆ నూనె రాయమని మరొకరు చెబుతారు. ప్రతి ఒక్కరి దగ్గరా రుజువు కూడా ఉంటుంది. ‘నాకు తగ్గింది, కావాలంటే చూడు’ అని తమ మచ్చనే చూపిస్తారు. ఆ మచ్చ నిజంగానే తగ్గి ఉంటుంది, వాళ్లు అబద్ధమేమీ చెప్పడం లేదు. అయితే అది రాసిన మందు వల్ల తగ్గిందా, ఏమీ రాయకపోయినా తగ్గేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఏ ఇంటి మందు గురించీ నికరమైన మాట చెప్పలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘గాయానికి మంచిది’, ‘మచ్చకు మంచిది’ అన్న రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. నిజానికి గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

## గాయం మానడం వేరు, మచ్చ మారడం వేరు

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలుంటాయి. పైపొర చాలా పలచన. అది మాత్రమే గీరుకుపోతే మచ్చ లేకుండానే తిరిగి వస్తుంది. దాని కింద ఉండే మందపాటి లోపొరకు బలమిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని పోగులు చాప అల్లికలాగా అన్ని వైపులకూ అల్లుకుని ఉంటాయి. చర్మాన్ని ఎటు లాగినా సాగి, వదలగానే మళ్లీ సర్దుకునేది అందుకే.

సర్జన్ కత్తి ఈ లోపొరను దాటి వెళ్తుంది. అప్పుడు శరీరానికి నిదానంగా అల్లుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు. తెగిన చోటును ముందు మూసేయాలి, క్రిములను లోపలికి రానివ్వకూడదు. అందుకని కొత్త కొల్లాజెన్‌ను హడావుడిగా, చాలావరకు ఒకే వాటంలో, పక్కపక్కనే పరిచేస్తుంది. ఆ అతుకునే మనం మచ్చ అంటున్నాం. అందులో వెంట్రుకల కుదుళ్లు ఉండవు, చెమట గ్రంథులు ఉండవు. ఒక విషయం తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది: తల్లి కడుపులో దాదాపు 24 వారాల లోపు ఉన్న పిండానికి చర్మం తెగితే మచ్చ లేకుండానే మానుతుంది. ఆ నేర్పును మనం పుట్టకముందే పోగొట్టుకుంటాం.

కుట్లు వేసిన కోత మీద రెండు రోజుల్లోనే పలచటి పైపొర కప్పుకుంటుంది. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటుంది కానీ లోపల బలం ఉండదు. మొదటి వారం చివరికి ఆ అతుకు బలం మామూలు చర్మంలో సుమారు 3 శాతమే. మూడు వారాలకు 20 నుంచి 30 శాతానికి, మూడు నెలలకు 80 శాతం దగ్గరికి చేరుతుంది. నూరు శాతానికి ఎప్పటికీ చేరదు. కుట్లు విప్పిన ఉత్సాహంలో బరువులెత్తితే కోత విచ్చుకునే ప్రమాదం ఉందని డాక్టర్లు పదేపదే హెచ్చరించేది ఈ లెక్క తెలిసే.

గాయం దశ అంటే కోత పూర్తిగా మూసుకుని, పక్కు రాలి, చెమ్మ కారడం ఆగిపోయే దాకా. ఆ తర్వాతిది మచ్చ దశ. మొదటి దశలో భయం చీము గురించి. రెండో దశలో బెంగ ఎరుపు, ఎత్తు, దురద, రంగు గురించి. ఒక దశకు పనికొచ్చేది ఇంకో దశకు పనికొస్తుందన్న హామీ లేదు. ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

## ఏమీ రాయకపోయినా మచ్చ మారుతూనే ఉంటుంది

కడుపు మీద నిలువు కోత పడిన మనిషిని ఊహించుకోండి. పదో రోజున అక్కడ సన్నని ఎర్రటి గీత, అటూ ఇటూ కుట్ల చుక్కలు. ఫర్వాలేదు, బాగానే ఉందనిపిస్తుంది. ఆరో వారానికి అదే గీత ముందుకన్నా ఎర్రబడి, కాస్త పైకి లేచి, వేలితో తడిమితే తాడు ముక్కలా గట్టిగా తగులుతుంది. పైగా దురద. రెండో నెల, మూడో నెలల్లో చాలామందికి మచ్చ అతి వికారంగా కనిపిస్తుంది. శరీరం కొల్లాజెన్‌ను కుప్పగా పోస్తున్న కాలం అది. దానికి రక్తం అందించే సన్నని నాళాలు కూడా అప్పుడే నిండుగా ఉంటాయి.

తర్వాత సర్దుబాటు మొదలవుతుంది. ఎక్కువైన పోగులు విడిపోతాయి, తొందరలో వేసిన మూడో రకం కొల్లాజెన్ స్థానంలో గట్టిదైన ఒకటో రకం చేరుతుంది, అక్కర తీరిన రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఎరుపు తగ్గి, గట్టితనం పోయి, ఏడాది గడిచేసరికి, కొందరికి ఏడాదిన్నర రెండేళ్లకు, మచ్చ పలచబడి చదునవుతుంది.

మనిషి భయపడి మందు కోసం వెతికేది ఎప్పుడు? మచ్చ అతి వికారంగా ఉన్న రెండో నెలలోనో మూడో నెలలోనో. అంటే దానంతట అదే తగ్గడం మొదలుపెట్టే ముందు. ఆ రోజు కొబ్బరినూనె మొదలుపెట్టినా, కలబంద మొదలుపెట్టినా, ఆరు నెలలకు తేడా కనబడి తీరుతుంది. ఘనత మాత్రం చేతిలో ఉన్న సీసాకు పోతుంది. అనుభవంతో చెప్పే మాటల్ని కొట్టిపారేయాలని నేను అనను. ఆ అనుభవంలో కాలం చేసిన పని ఎంతో, మందు చేసిన పని ఎంతో ఒక్క మనిషి ఒక్క మచ్చను చూసి చెప్పలేడు, అంతే.

## సగం మచ్చకు రాసి చూస్తే

దీనికి పరిశోధకులు కనిపెట్టిన ఉపాయం సులభంగానే అర్థమవుతుంది. పది సెంటీమీటర్ల మచ్చ ఉందనుకుందాం. పై అయిదు సెంటీమీటర్లకు మందు కలిపిన లేపనం, కింది అయిదింటికి మందు లేని ఉత్త లేపనం. మనిషి ఒకరే, చర్మం ఒకటే, వయసు, తిండి, సర్జన్ చేయి అన్నీ ఒకటే. ఏ సగానికి ఏది రాశారో చివర్లో కొలిచేవారికి తెలియనివ్వరు. రెండు సగాలూ ఒకేలా తగ్గితే అది కాలం మహిమ, కాకుంటే లేపనపు తేమ. ఒక సగం స్పష్టంగా మెరుగ్గా ఉంటే అప్పుడు మందుకు మార్కులు వేయొచ్చు.

విటమిన్ ఈ ని సరిగ్గా ఇలాగే పరీక్షించారు. 1999లో వెలువడిన ఆ అధ్యయనంలో చర్మ క్యాన్సర్ గడ్డలు తీయించుకున్న 15 మంది తమ మచ్చలో ఒక భాగానికి మామూలు ఆయింట్‌మెంట్, ఇంకో భాగానికి విటమిన్ ఈ కలిపిన అదే ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు రాశారు. 90 శాతం సందర్భాల్లో విటమిన్ ఈ వల్ల ప్రయోజనం కనబడలేదు, లేదంటే మచ్చ ఇంకా చెడింది. మూడోవంతు మందికి రాసిన చోట ఎలర్జీతో ఎర్రటి దద్దుర్లు లేచాయి. పదిహేను మంది చిన్న సంఖ్యే. కానీ క్యాప్సూల్ పొడిచి రాసుకోవడమనే అలవాటుకు ఇంతకన్నా గట్టి ఆధారం అవతలి వైపు లేదు. ఇంటి మందుల్లో నేను నిస్సంకోచంగా వద్దనే వాటిలో ఇదొకటి.

ఉల్లి కథ ఇంకాస్త మెలికగా ఉంటుంది. ఉల్లి సారంతో తయారైన జెల్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటి మీద జరిగిన కొన్ని అధ్యయనాల్లో మచ్చ మెత్తబడిందని, ఎరుపు తగ్గిందని తేలింది. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో 24 మంది తాజా ఆపరేషన్ మచ్చల్ని రెండు సగాలు చేసి, ఒకదానికి ఉల్లి జెల్, ఇంకోదానికి ఉత్త పెట్రోలియం జెల్లీ రాస్తే తేడా ఏమీ కనబడలేదు. రెండు రకాల ఫలితాలూ నిజమే కావచ్చు. ‘ఏమీ రాయని’ మచ్చతో పోలిస్తే ఉల్లి జెల్ నెగ్గొచ్చు. పెట్రోలియం జెల్లీతో పోలిస్తే సమానం కావచ్చు. అప్పుడు పని చేసింది ఉల్లా, జెల్‌లోని తేమా అన్న అనుమానం న్యాయమైనదే. ఏ ప్రకటనలోనైనా ‘ఫలానా మందుతో ఇంత మెరుగు’ అని చదివినప్పుడు, దేనితో పోల్చి అన్నారో చూడటం చాలా ముఖ్యం. ఇక పచ్చి ఉల్లిని దంచి కట్టడానికీ ఈ జెల్‌లకూ పోలికే లేదు. పచ్చిది లేత చర్మాన్ని మండిస్తుంది.

## తేనె, కలబంద: ఏ దశలో అన్నదే అసలు సంగతి

తేనెకు గాయాల విషయంలో మంచి పేరుంది, అది ఊరికే వచ్చింది కాదు. దానిలోని చక్కెర సాంద్రత క్రిముల్లోని నీటిని లాగేస్తుంది. దానికి పులుపు గుణం ఉంది, కొన్ని రకాల్లో క్రిములను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా విడుదలవుతుంది. వైద్య అధ్యయనాలను వడపోసి చూసే కాక్రేన్ సంస్థ 2015 సమీక్షలో, లోతు తక్కువైన కాలిన గాయాలూ, ఆపరేషన్ తర్వాత చీము పట్టిన గాయాలూ కొన్ని మామూలు పద్ధతులకన్నా తేనెతో త్వరగా మానుతున్నట్టు తేలింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఈ లాభం గాయం దశకు చెందినది. మూసుకున్న మచ్చ మీద తేనె రాస్తే అది చదునవుతుందనడానికి ఆధారం బహు స్వల్పం. రెండోది, ఆస్పత్రుల్లో వాడే వైద్య తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. వంటింటి సీసాలోని తేనెలో బొటులిజం అనే ప్రమాదకర జబ్బును కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. కనుక అధ్యయనంలో గెలిచిన తేనె, మన అలమరలోని తేనె ఒకటి కావు.

కలబందది దీనికి తిరగేసిన కథ. మూసుకున్న మచ్చ మీద రాసుకుంటే చల్లగా ఉంటుంది, దురదకు కాస్త ఉపశమనం, చర్మానికి తేమ. గుజ్జులో అధిక భాగం నీరే కాబట్టి అది సహజమే. కానీ తెరుచుకున్న గాయం మీద? 1991లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఆలోచనలో పడేస్తుంది. సిజేరియన్, మరికొన్ని కడుపు ఆపరేషన్ల తర్వాత కోత విచ్చుకుని కుట్లు లేకుండానే మానాల్సివచ్చిన స్త్రీలలో మామూలు చికిత్స పొందినవారికి సగటున 53 రోజుల్లో గాయం మానితే, కలబంద జెల్ కూడా వాడినవారికి 83 రోజులు పట్టింది. పాల్గొన్నది 21 మందే కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోలేం. 2012 నాటి కాక్రేన్ సమీక్ష కూడా గాయాలకు కలబంద మేలని గానీ కాదని గానీ తేల్చేంత ఆధారం లేదంది. ‘ప్రకృతి సిద్ధమైనది, మేలు చేయకపోయినా కీడు చేయదు’ అన్న ధీమా మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

## పసుపు, సరస్వతి ఆకు, నిమ్మరసం

పసుపులోని కర్క్యుమిన్ వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో బోలెడు పని జరిగింది. చర్మం గుండా అది లోపలికి ఇంకేది తక్కువ, మనుషుల ఆపరేషన్ మచ్చల మీద గట్టి పరీక్షలు అరుదు. కొత్త కోత మీద పసుపు అద్దితే ఇంకో ఇబ్బంది: చుట్టూ ఎరుపు పాకుతోందా, చీము పడుతోందా అన్నది ఆ రంగు కింద కనబడదు.

సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ వంటి పదార్థాలు కణాలను కొల్లాజెన్ తయారీకి పురికొల్పుతాయని ల్యాబ్‌లో గమనించారు. మానని పుండుకు అది మంచి వార్తే. మచ్చ బాధ చాలాసార్లు కొల్లాజెన్ ఎక్కువవడమే కదా మరి? ఈ ఆకు సారం తయారీని పెంచడమే కాక క్రమబద్ధం కూడా చేస్తుందని సమర్థించేవాళ్లు అంటారు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. కొన్నింటిలో మేలు కనిపించింది కనుక దీన్ని తోసిపుచ్చను, తేలని ఖాతాలో ఉంచుతాను.

నిమ్మరసం విషయంలో తటపటాయింపు అక్కర్లేదు. దానికి ఆమ్ల గుణం చాలా ఎక్కువ. పైగా నిమ్మజాతి రసాల్లోని ఫ్యూరోకౌమరిన్‌లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, ఆ తర్వాత నల్లటి మరకలు పడతాయి. మచ్చ రంగు తగ్గాలని రాసినది రంగును పెంచుతుందన్నమాట.

## సీసాలోది కాదు, తేమా వేలూ నీడా

1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీది చిన్న గాయాల్లో కొన్నిటిని గాలికి ఎండనిచ్చి, కొన్నిటిని పలచటి పొరతో కప్పి తేమగా ఉంచాడు. తేమగా ఉన్నవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ‘గాలి తగలనిస్తే గాయం మానుతుంది’ అన్న పాత నమ్మకం అక్కడితో కదిలిపోయింది. మూసుకున్న మచ్చకూ తేమ కావాలి. కొత్త చర్మం నీటిని పట్టి ఉంచలేదు. ఎండిపోయిన పైపొర కింది కణాలకు ఇంకా కొల్లాజెన్ పోయమన్న సంకేతం పంపుతుందని ఒక బలమైన అభిప్రాయం.

1980ల మొదటి నుంచీ కాలిన మచ్చలపై వాడుతూ వస్తున్న సిలికాన్ షీట్ల వెనుక సూత్రం ఇదే. సిలికాన్ చర్మంలోకి ఇంకదు, నీటిని బయటికి పోనివ్వకుండా కాపు కాస్తుంది. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, రెండు మూడు నెలల పాటు వాడటం రివాజు. 2002 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు పొంగిన మచ్చలకు దీన్ని మొదటి వరసలో పెట్టాయి. మరోవైపు కాక్రేన్ సమీక్షకులు ఈ అధ్యయనాల నాణ్యత బలహీనమని తేల్చారు. ఇంటి మందులను నిలదీసిన గీటురాయినే సిలికాన్‌కూ పెట్టాలి కాబట్టి ఈ మాట చెబుతున్నాను. మిగతావాటి కన్నా దీనికి ఆధారం మెరుగు, అంతేగానీ తిరుగులేనిదేమీ కాదు.

కొబ్బరినూనెకు మచ్చను కరిగించే శక్తి ఏదీ రుజువు కాలేదు. అయినా దానితో మేలు పొందామనే మాటలో నిజం ఉండే వీలుంది. అది తేమను నిలుపుతుంది, వేలు జారడానికి వీలిస్తుంది. కోత పూర్తిగా మూసుకున్నాక మచ్చ మీద వేలి కొస ఆనించి, రాపిడి లేకుండా, చర్మాన్నే కింది కండ మీద అటూ ఇటూ కదిపి చూస్తే తెలుస్తుంది: కొన్నిచోట్ల అది సులువుగా కదులుతుంది, కొన్నిచోట్ల లోపల ఏదో పట్టుకుని లాగినట్టు ఉంటుంది. ఆ పట్టు మర్దనతో క్రమంగా వదులుతుందని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. మర్దన మీది అధ్యయనాలను 2012లో కలిపి చూసినవారికి ఆపరేషన్ మచ్చల్లో ఆశాజనకమైన ఫలితాలే కనిపించాయి గానీ, ఎంతసేపు, ఎన్నాళ్లు అన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉండటంతో గట్టి తీర్పు రాలేదు.

మచ్చను వెడల్పు చేసే ఇంకో శత్రువు లాగుడు. చర్మానికి సహజంగా లాగుడు ఉండే దిశలు ఉంటాయి. ఆస్ట్రియా శరీరనిర్మాణ శాస్త్రవేత్త కార్ల్ లాంగర్ 1861లో వివరించిన ఈ గీతలకు ఇవాళ్టికీ ఆయన పేరే. కోత వాటి వెంట పడితే సన్నగా, అడ్డంగా పడితే వెడల్పుగా మానుతుంది. 2005లో సిజేరియన్ అయిన 70 మందితో చేసిన అధ్యయనంలో 12 వారాల పాటు మచ్చ మీద మామూలు పేపర్ టేప్ అంటించుకున్నవారికి పొంగిన మచ్చలు తక్కువగా వచ్చాయి. ఆకు పసరుల గురించి వచ్చినంత చర్చ ఈ కాగితపు పట్టీ గురించి రాకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఎండ సంగతి వివాదం లేనిది. లేత మచ్చ మీద ఎండ పడితే రంగు ముదిరి, ఆ నలుపు నెలల తరబడి ఉండిపోతుంది, చామనఛాయ, నల్లటి చర్మాల్లో మరీను. అందుకని మచ్చ మీద బట్ట కప్పాలి, లేదా ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తి కొలత) 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి.

## అన్ని పొంగిన మచ్చలూ ఒకటి కావు

ఒకరికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. రెండు నెలలకు గీత పొడవునా ఉబ్బి ఎర్రబడింది, కానీ ఉబ్బు కోత హద్దులు దాటలేదు. ఇది పొంగిన మచ్చ. ఏడాది రెండేళ్లలో చాలావరకు అణిగిపోయే రకం. ఇంకొకరికి చెవి తమ్మె కుట్టించుకున్న ఏడాదికి ఆ చుక్క చోట నున్నటి గట్టి గడ్డ మొదలై, రంధ్రం హద్దు దాటి బఠానీ గింజంతై, ఇంకా పెరుగుతూనే ఉంది. ఇది కెలాయిడ్. గాయం హద్దు దాటడమే దాని గుర్తు. అది తనంతట తాను తగ్గదు. ఛాతీ మధ్య, భుజాలు, చెవి తమ్మెలు, దవడ అంచు దానికి ఇష్టమైన చోట్లు. వంశంలో ఉంటే, చర్మం ముదురు రంగుదైతే, వయసు 10 నుంచి 30 లోపైతే వచ్చే అవకాశం ఎక్కువ.

ఈ ఇద్దరూ ఒకే ఇంటి మందు వాడారనుకోండి. మొదటి మనిషి ‘అద్భుతం’ అంటారు, రెండో మనిషికి విలువైన కాలం వృథా అవుతుంది. కెలాయిడ్‌ను కోసి తీసేసి ఊరుకుంటే సగానికి సగం, అంతకన్నా ఎక్కువ సందర్భాల్లో మళ్లీ వస్తుంది. అందుకే చర్మ వైద్యులు స్టెరాయిడ్ ఇంజక్షన్లు, ఒత్తిడి పట్టీలు, కొన్నిసార్లు కోత తర్వాత రేడియేషన్ కలిపి వాడతారు. హద్దు దాటిన మచ్చ దగ్గర ఆకులూ నూనెలూ పనికొస్తాయనడానికి నాకు కనిపించిన ఆధారం లేదు.

## లోపలికి తీసుకునేవి

మచ్చ తయారయ్యేది తిన్నదానిలోంచే. ప్రోటీన్ చాలకపోతే, జింక్, విటమిన్ సి లోపిస్తే గాయం ఆలస్యంగా మానుతుంది. పొగతాగడం చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది, అదుపులో లేని షుగర్ చీముకు దారి తీస్తుంది. ఇవి రుజువైన సంగతులు. ఇక్కడి నుంచి ‘విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా మింగితే మచ్చ త్వరగా పోతుంది’ అనే మాటకు గెంతడమే పొరపాటు. లోపం ఉన్నవారికి తీరిస్తే మేలు. లేనివారికి అదనంగా పోసినంత మాత్రాన అతుకు అల్లికగా మారదు.

కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా పెనవేసుకోవాలంటే విటమిన్ సి తప్పనిసరి. మచ్చలో ఆ పోగులు విడిపోతూ, కొత్తవి చేరుతూ ఏళ్ల తరబడి పని సాగుతూనే ఉంటుంది. 1740లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన కమడోర్ ఆన్సన్ నౌకాదళంలో తాజా పళ్లూ కూరలూ లేక వందలాది నావికులు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు పాలయ్యారు. వాళ్లలో ఒక ముసలి సైనికుడికి 1690 నాటి బోయిన్ యుద్ధంలో తగిలిన గాయాలున్నాయి. ఎన్నడో మాని, యాభై ఏళ్లు నిలిచిన మచ్చలవి. ఆ ఓడలో అవి మళ్లీ విచ్చుకుని, అసలెప్పుడూ మానని గాయాల్లా తెరుచుకున్నాయి.